పిడుగుల్ని వినేవాడు

"ఇక్కడ మా వాన పాతిపెట్టావట కదా. తవ్వుకుపోదామని వచ్చాను."

ఎలోదియా నాతో అన్న మొట్టమొదటి మాట అది. చేతిలో గడ్డపార, నెత్తిన గడ్డి టోపీ, దాని కింద కందగడ్డలా మొహం. అప్పటికే నేను పాతిపెట్టిన కాయిల్ అనే తీగచుట్ట మీద మట్టి మూరెడు లోతు తవ్వేసింది.

గుడిసె లోపల లాప్‌టాప్ మీద గీత ఒక్కసారిగా పిచ్చెక్కినట్టు ఎగిరింది. భూమికేదో అయిపోయిందనుకుని చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చాను. తీరా చూస్తే భూమికేం కాలేదు. అయిందంతా నాకే.

"అమ్మా తల్లీ! ముందా గడ్డపార అవతల పడెయ్యండి!"

"ఎందుకు? కొడతానని భయమా?"

"నన్ను కొట్టినా ఫరవాలేదు. దగ్గర్లో ఇనుము కదిలితే ఆ కాయిల్ తట్టుకోలేదు."

"అబ్బో! మనిషికంటే మిషను సుకుమారమా? పేరేంటి ఇంజనీరూ?"

"ఎఫ్రాయిన్. నేను ఇంజనీర్ని కాదు, టెక్నీషియన్ని."

"పట్నం నుంచి వచ్చి, ఏ పనీ చెయ్యకుండా గుడిసెలో కూర్చునేవాణ్ణి మా ఊళ్లో ఇంజనీరనే అంటారు" అని మళ్లీ గడ్డపార ఎత్తింది.

నేను ఏం చెయ్యాలో తోచక వెళ్లి ఆ గుంటలో కూర్చున్నాను. గడ్డపార గాల్లోనే ఆగిపోయింది. కాసేపు నన్ను ఎగాదిగా చూసి, ఫక్కున నవ్వింది. ఆ నవ్వుతోనే నా పని అయిపోయింది.

నా ఉద్యోగం గురించి చెబితే ఎవరూ నమ్మరు. పుయెబ్లా పట్నంలో ఉండే మా అమ్మే నమ్మదు. భూమ్మీద ఎక్కడో ఒకచోట పిడుగు పడుతూనే ఉంటుంది కదా. ఆ పిడుగుల్లోంచి పుట్టిన అలలు నేలకీ పై ఆకాశానికీ మధ్య చిక్కుకుని, భూగోళమంతా చుట్టి, ఒకదాన్నొకటి కలుపుకుని ఊగుతాయి. సెకనుకి ఎనిమిదిసార్లు, ఓ పిసరు తక్కువ. ఆ ఊపుని పట్టుకుని రాసిపెట్టడమే నా పని. అది ఎంత సన్నటిదంటే, దరిదాపుల్లో కరెంటు తీగ ఉందంటే ఇక దాని ఊసే వినబడదు. అందుకే మాలింత్సి కొండ వాలు మీద, శాన్ ఇసిద్రో ఊరికి పైన, తీగలు రాని చోట కాయిల్స్ పాతి, పక్కనే ఓ స్తంభానికి గుండ్రటి యాంటెన్నా పెట్టి, నన్ను కాపలా ఉంచారు. ఇది భూమి గుండె చప్పుడని ఎవడో ప్రచారం చేశాడు. ఇక చూస్కోండి, "ఇవాళ తల తిరుగుతోంది బాబూ, భూమి గుండె స్పీడు పెరిగిందా?" అని పట్నం నుంచి ఫోన్లు. టీ తాగి పడుకోండని చెప్పేవాణ్ణి.

ఊరివాళ్ల అనుమానం మాత్రం నవ్వి కొట్టిపారేసేది కాదు. కింద మైదానంలో పెద్ద తోటలవాళ్లు వడగళ్లు పడకుండా ఫిరంగులు పేలుస్తారు. ఆ మోతకి మేఘాలు చెదిరిపోయి తమ చేలు ఎండుతున్నాయని శాన్ ఇసిద్రోవాళ్లు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. మిషను పెట్టి ఆకాశం జోలికెళ్లినవాణ్ణి ఒకసారి చూశాక, రెండోవాడు వచ్చి "నేను ఊరికే వింటానండీ" అంటే ఎవరు నమ్ముతారు? ఆ ఏడు అసలు వానే లేదు. మొక్కజొన్న మోకాలెత్తున ఆగిపోయి, ఆకులు చుట్టుకుపోయాయి. ఊళ్లో ఎవరిని పలకరించినా ముందు ఆకాశం చూసి తర్వాత నా స్తంభం చూసేవాళ్లు.

మర్నాడు ఎలోదియా మళ్లీ వచ్చింది. ఈసారి గడ్డపార లేదు. గుడ్డలో చుట్టిన త్లకోయోలు ఉన్నాయి. నల్ల మొక్కజొన్న రొట్టెల్లో చిక్కుళ్లు కూరి కాల్చినవి, ఇంకా వేడిగా.

"గుంట పూడ్చడానికి వచ్చారా?" అన్నాను.

"పూడ్చుకోవడం నీ పని. నేను తవ్వి అలసిపోయాను."

"మరి ఇవి?"

"మా నాన్న పంపాడు. పాతిపెట్టినదాన్ని అడక్కుండా తవ్వితే దొంగతనమట. క్షమాపణ చెప్పి రమ్మన్నాడు. చెప్పాను అనుకో. తిను."

"చెప్పలేదుగా."

"తినవా? సరే, నేనే తింటా" అని గుడ్డ లాక్కోబోయింది. లాక్కోనిస్తానా!

వాళ్ల నాన్న తిమోతెయో, అందరూ గౌరవంగా దోన్ తిమోతెయో అనే మనిషి, ఊరి తియెంపేరో. అంటే వానని పిలిచే మనిషి. కుర్రతనంలో పిడుగు మీద పడినా బతికాడట. పిడుగు ముట్టి వదిలేసినవాణ్ణి కొండమ్మ ఎంచుకున్నట్టే లెక్క. అప్పట్నుంచీ ఏటా మాలింత్సి మీదికెక్కి, ఆవిడ ఆడది కాబట్టి దువ్వెనలూ రిబ్బన్లూ అద్దమూ పెట్టి, కోడికూరా కల్లూ నైవేద్యమిచ్చి, వాన అడిగి వస్తాడు. ఆ ఏడు మూడోసారి కూడా ఎక్కొచ్చాడు. చుక్క రాలలేదు.

"ఈసారి దువ్వెన ఎంపిక నాదే" అని చెప్పింది ఎలోదియా మూతి ముడిచి. "ఎర్రది కొన్నాను. ఆవిడకి నచ్చలేదేమో."

"నాకైతే నచ్చేది."

"నీ జుట్టుకి దువ్వెన కాదు, గొర్రెల కత్తెర కావాలి."

అలా రావడం మొదలైంది. వస్తే తిట్టేది, తిడుతూ కూర్చునేది. ఒకరోజు రికార్డు చేసిన దాన్ని స్పీడు పెంచి హెడ్‌ఫోన్‌లో వినిపించాను. మామూలుగా మన చెవికి అందేది కాదది. కళ్లు మూసుకుని చాలాసేపు విన్నది.

"ఎవరో దూరంగా జల్లెడ పడుతున్నట్టుంది" అంది. "ఇవన్నీ పిడుగులేనా?"

"అన్నీ. ఆఫ్రికావి, బ్రెజిల్‌వి, సముద్రం అవతలివి."

"ఇందులో మావి ఏవి?"

"అన్నీ కలిసిపోతాయి. విడదీసి చెప్పలేను."

హెడ్‌ఫోన్ తీసి ఒళ్లో పెట్టుకుంది. "అంటే ప్రపంచంలో అందరికీ పడుతోంది. మాకు తప్ప. అది వినడానికి నువ్వు మా కొండే ఎక్కావు."

ఆ సాయంత్రం ఆ గీతని చూస్తుంటే నాకే అసహ్యం పుట్టింది. ఎన్నేళ్లుగానో ఒక్కరోజు కూడా తెగకుండా నడిచిన రికార్డు, మా సంస్థవాళ్లకి అపురూపం, నాకూ ప్రాణం. కానీ దానివల్ల ఎలోదియా చేలో ఒక్క మొక్కైనా తల ఎత్తుతుందా?

తర్వాత ఓసారి వాళ్ల నాన్నని కూడా వెంటబెట్టుకొచ్చింది. మాట తక్కువ మనిషి. టోపీ తీసి, నా మంచం అంచున కూర్చుని, హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాడు.

"బాబూ, ఇది పంపేదా, పుచ్చుకునేదా?" అని అడిగాడు.

"పుచ్చుకునేదేనండీ. బయటికి ఏమీ పంపదు. చెవిలాంటిది."

"చెవి వానని ఆపదు కదా" అని తల ఊపాడు. ఇంకాస్త విని నెమ్మదిగా అన్నాడు. "కొండ మీద నాకూ ఇట్టాగే వినబడద్ది. గొణుగుడు. ఆయమ్మ ఏందో చెప్తానే ఉంటది. నాకు సగం తెలవదు. తెలిసినట్టే కిందికి దిగుతా. ఊరు ఎదురుచూస్తా ఉంటది మరి."

ఎలోదియా బిత్తరపోయి వాళ్ల నాన్న వంక చూసింది. ఆ మాట కూతురితో కూడా ఎన్నడూ అనలేదనుకుంటాను. ఆ రోజునుంచి ఆ పెద్దాయన నాకు మా నాన్నకంటే ఎక్కువైపోయాడు.

ప్రేమ సంగతి నేను చెప్పలేదు, ఆమే చెప్పించింది.

"మా ఊళ్లో పిల్లని అడగడానికి ఎట్లా వస్తారో తెలుసా?" అంది ఓ మధ్యాహ్నం, గడ్డిపరక నములుతూ, నాకేసి చూడకుండా.

"తెలీదు."

"అబ్బాయి పెద్దవాళ్లు బుట్టనిండా రొట్టెలూ, చాక్లెట్టూ, ఓ టర్కీ కోడీ పట్టుకొస్తారు. బుట్ట చిన్నదైతే మా అత్తయ్య గుమ్మం దాటనివ్వదు."

"ఎంత పెద్ద బుట్ట?"

"ఎవరికోసం అడుగుతున్నావో?"

"నాకోసమే."

"నీకేం పనీ?"

"నిన్ను పెళ్లాడాలని పని!" అనేశాను. గట్టిగా అన్నానేమో, పక్కన మేస్తున్న మేక కూడా తలెత్తింది.

ఎలోదియా మొహం తిప్పుకుంది గానీ చెవులు ఎర్రబడ్డం కనబడుతూనే ఉంది. "అరవకు, కాయిల్ బెదురుతుంది" అంది. ఆ వెంటనే అల్లరంతా పోయిన గొంతుతో చెప్పింది. "వాన పడనీ ఎఫ్రాయిన్. ఇప్పుడు మా నాన్న ఇంటికి ఎవరొచ్చినా నిలదీయడానికే వస్తున్నారు. ఒక్క వాన పడనీ. మీ అమ్మని తీసుకురా."

జీవితంలో మొదటిసారి నేను కూడా వాన కోసం మొక్కుకున్నాను. ఎవరికి మొక్కాలో తెలియక కొండకే మొక్కాను.

వాన రాలేదు. పంచాయతీ వచ్చింది.

ఊరంతా బడి ముందు మైదానంలో చేరారు. నన్నూ రమ్మన్నారు. ఊరిపెద్ద దోన్ హిలారియో కడుపుమంటతో ఉన్నాడు. ఆయన చేను అందరికంటే ముందు ఎండింది మరి.

"తిమోతెయో! కోళ్లిచ్చాం, కల్లిచ్చాం, మూడుసార్లు ఎక్కించాం. కొండమ్మ నీ మాట వినడం మానేసిందా? నువ్వే పైకెక్కి తిని పడుకుని దిగొస్తున్నావా?"

ఎవరో వెనకనుంచి నవ్వారు. ఇంకెవరో "ముసలాడికి శక్తి పోయింది, టోపీ ఇంకొకరికివ్వమనండి" అన్నారు. ఒకావిడ లేచి, చచ్చిపోయిన దూడ పేరు చెప్పి, మట్టి తీసి ఆయన కాళ్ల ముందు చల్లింది. దోన్ తిమోతెయో టోపీ చేత్తో పట్టుకుని, తలవంచుకుని నిలబడ్డాడు. ఆయన వెనకాల ఎలోదియా పళ్లు బిగబట్టి, గౌను కుచ్చిళ్లు నలిపేస్తోంది.

"ఆఖరుసారి అడుగుతున్నా" అన్నాడు హిలారియో. "తప్పు నీదా? ఆ మిషనుదా? మిషనుదైతే చెప్పు, ఇవాళే పీకేస్తాం. నీదైతే ఈ ఊళ్లో ఇంకెవరికీ మొహం చూపించకు."

అందరూ చెవులు రిక్కించారు. ఆయన "మిషనుదే" అంటే చాలు, బతికిపోతాడు. ఆయన నోరు తెరిచాడు. నావైపు చూశాడు. మళ్లీ నోరు మూసుకున్నాడు.

ఆయన అబద్ధం చెప్పడని నాకు అప్పుడే అర్థమైంది. ఊరు ఆయన్ని అక్కడే నమిలేస్తుందనీ అర్థమైంది. లేచి నిలబడ్డాను.

"తప్పు మాదే" అన్నాను.

ఒక్కసారిగా అందరూ నావైపు తిరిగారు.

"మిషనుదే తప్పు. దోన్ తిమోతెయో పిలిచిన వానని మా స్తంభమే చెదరగొట్టింది. ఆయన అడిగినప్పుడల్లా కొండమ్మ ఇచ్చింది. మేమే అడ్డం పడ్డాం. రేపే తీసేస్తాం."

"ఎఫ్రాయిన్!" అని ఎలోదియా కేక పెట్టింది. అదృష్టమో దురదృష్టమో, ఆ కేక జనం గోలలో కలిసిపోయింది.

చెప్పినంత తేలిగ్గా ఉండదు, చదివిన చదువుకి ఎదురుగా నిలబడి అబద్ధమాడటం. పైగా అందరూ అప్పటికే నమ్మేసిన అబద్ధం. ఎవరూ ఎందుకూ అని అడగలేదు. "వాన దొంగ!" అన్నారు. ఒక మట్టిబెడ్డ వచ్చి భుజానికి తగిలింది. ఇందాక మట్టి చల్లిన ఆవిడే వెళ్లి దోన్ తిమోతెయో చెయ్యి ముద్దు పెట్టుకుంది. ఆయన ఆ చేతిని వెనక్కి తీసుకోలేదు. నావైపు చూడనూ లేదు.

పుయెబ్లాకి ఫోన్ చేసి, ఊరివాళ్లు ఉండనివ్వడం లేదని చెప్పాను. అటువైపు మా సంస్థ పెద్దాయన "ఇన్నేళ్ల రికార్డయ్యా" అని మాత్రం అన్నాడు. ఏడుస్తున్నాడేమోనని నేనే ఫోన్ పెట్టేశాను.

మర్నాడు కాయిల్స్ నేనే తవ్వి తీశాను. రెండోది పైకి లాగుతుంటే మెడ మీద చల్లగా ఏదో పడింది. తలెత్తి చూశాను. మాలింత్సి తల కనబడటం లేదు. నల్లగా కమ్మేసింది.

వాన వచ్చింది. మొక్కజొన్నకి ఆలస్యమైపోయింది గానీ, నా అబద్ధానికి సరిగ్గా టైముకొచ్చింది.

కింద గుడి గంటలు మొదలయ్యాయి. టపాకాయలు కాల్చబోయి, తడిసి పేలక, అందుకూ కేరింతలు కొడుతున్నారు. ఆ వానలో ఎలోదియా పైకి పరిగెత్తుకొచ్చింది. వచ్చీ రాగానే రెండు చేతులతో నా గుండెల మీద బాదింది.

"ఎవరు చెప్పమన్నారు నిన్ను? ఎవరు అడిగారు? పెద్ద త్యాగమూర్తివా?"

"మీ నాన్నని చూస్తూ కూర్చోమంటావా?"

"వాన పడింది ఎఫ్రాయిన్! పడితే ఏం చేద్దామనుకున్నాం మనం?" అని భోరుమంది.

నేను పిచ్చివాడిలా అడిగాను. "నాతో వచ్చెయ్. జీపులో చోటుంది. ఇప్పుడే."

ఒక్క క్షణం వచ్చేసేదే. జీపు తలుపు మీద చెయ్యి కూడా వేసింది. ఆ చెయ్యి అక్కడే ఉంచి, మెల్లగా తల అడ్డంగా తిప్పింది.

"నేను వస్తే ఏమంటారు? తియెంపేరో కూతురు వాన దొంగతో లేచిపోయిందంటారు. ముందునుంచీ ముగ్గురూ కలిసే నాటకమాడారంటారు. సాయంత్రానికల్లా మా నాన్నని చంపేస్తారు. నువ్వు బతికించినవాణ్ణి నా చేత్తో చంపించకు."

అప్పుడే కింద మలుపులోంచి దోన్ తిమోతెయో వచ్చాడు. మెడలో పూలదండలు, ఊరివాళ్లు వేసినవి. ఒక్కొక్కటీ తెంచి పారేస్తూ వచ్చాడు.

"నాకు తెలుసు బాబూ" అన్నాడు. "అది చెవి. చెవి వానని ఆపదు. నాకు తెలిసే నోరు మూసుకున్నా. ముసలితనంలో మట్టి చల్లించుకోడానికి భయమేసింది."

"ఫరవాలేదండీ."

"ఫరవా ఉంది. మా పిల్ల మనసు నాకు తెలుసు. నువ్వు బుట్ట పట్టుకొస్తే గుమ్మంలో ఎదురొచ్చి తీసుకునేవాణ్ణి. ఇప్పుడు తీసుకోలేను. రోజూ నిన్ను నా ఇంట్లో చూస్తా, ఆ దండలు మెళ్లో ఏసుకుని తిరగలేను. నేను అంత మంచోణ్ణి కాదు."

నన్ను వంగమన్నాడు. వంగాను. బొటనవేలితో నా నుదుటి మీద శిలువ గీసి, ఏదో గొణిగాడు. ఊరొదిలి వెళ్లే కన్నకొడుక్కి ఇచ్చే దీవెన అది. అల్లుడికి ఇచ్చేది కాదు. అది మా ముగ్గురికీ తెలుసు. ఎలోదియా నోట్లో శాలువా కొంగు కుక్కుకుంది.

"ఊళ్లోంచే పోవాలి రోడ్డు" అన్నాడాయన. "జనం ఉన్నారు. అద్దాలు ఎత్తుకో."

ఆయన ముందు దిగిపోయాడు. నేను ఎలోదియాతో చెప్పాను. "నువ్వూ వెళ్లి వాళ్లతో నిలబడు. అందరూ తిడతారు. నువ్వొక్కదానివే ఊరుకుంటే అనుమానిస్తారు."

"నా వల్ల కాదు."

"అవుతుంది. మొదటి రోజు ఎంత బాగా తిట్టావు!"

నవ్వబోయింది, రాలేదు. ఒక్కసారి నా మెడ చుట్టూ చేతులు వేసి, ఊపిరాడనంత గట్టిగా పట్టుకుని, విడిచిపెట్టి, అడ్డదారిన చేలల్లోకి పరిగెత్తింది.

రోడ్డుకి రెండువైపులా ఊరంతా ఉంది. వానలో తడుస్తూ, పిల్లలు బురదలో గెంతుతూ. జీపు కనబడగానే కేకలు మొదలయ్యాయి. బంతుల్లా చుట్టిన బురద వచ్చి అద్దాలకి తగులుతోంది. హిలారియో కర్ర ఊపుతున్నాడు. నేను ఎవర్నీ చూడలేదు, ఆమె కోసమే చూశాను.

గుడి మలుపులో వాళ్ల నాన్న పక్కన నిలబడి ఉంది. చేతిలో బురద లేదు. పెదాలు కదలడం లేదు. పక్కనున్న ఆడవాళ్లు అప్పటికే ఆమెనే చూస్తున్నారు. ఒకావిడ రెండోదాని చెవిలో ఏదో అంటోంది.

నేను స్టీరింగ్ మీద చెయ్యి బిగించి, కళ్లతోనే బతిమాలాను.

ఎలోదియా ఒక అడుగు ముందుకేసింది. వంగి, రెండు చేతులా బురద తీసి, నా మొహానికి ఎదురుగా అద్దం మీద విసిరి కొట్టింది.

"పో!" అని అరిచింది. "మళ్లీ ఈ ఊరి మొహం చూశావంటే చంపేస్తా! పో!"

ఊళ్లో అందరికంటే ఆమె గొంతే గట్టిగా వినబడింది. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. అద్దం నిండా బురదే. అవతల ఆమె ఎలా ఉందో నాకు కనబడలేదు.